వేగం ఎవరి ఖాతాలో

మా అక్క వాళ్ళిల్లు మొఘల్‌పురాలో. మిద్దె ఎక్కితే ఒకవైపు చార్మినార్ మీనార్లు రెండు కనిపిస్తాయి. ఇంకోవైపు నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెనాలు, వాటి మధ్యలో పక్కింటి చాచా పావురాల గూడు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు అక్క కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, పతంగి దారం చరఖాకి చుడుతూ అడిగాడు: “మామా, దునియాలో అన్నిటికన్నా ఫాస్ట్ ఏంది?”

చీతా అన్నాను, ఆలోచించకుండా.

వాడు నావైపు జాలిగా చూశాడు. చీతా అంట! డేగ పైనుంచి దూకితే 389. దాని మీద ఇంకా ఫాస్ట్ సాత్విక్ స్మాష్, 565. ఇలాంటివన్నీ వాడికి నోటికొచ్చు. బుల్లెట్లు, రాకెట్లు లెక్కలోకి రావని నియమం కూడా వాడే పెట్టాడు. “అవి మిషన్లు కదా మామా.” గోడ అవతల చాచా నవ్వాడు. “తేజ్ ఉడ్‌కే క్యా కర్తే బేటా, ఠైర్నా హోనా,” అన్నాడు. జోరుగా ఎగిరి ఏం చేస్తావు, నిలవాలి గానీ, అని. చాచా లోకంలో పోటీ వేగానిది కాదు. పొద్దున్నే వదిలిన పావురాల గుంపు ఎన్ని గంటలు దిగకుండా గాల్లో ఉంటుందన్నదే పోటీ. ఆయన గడియారం చూసుకునేది అందుకే.

పిల్లవాడు చెప్పిన అంకెలన్నీ నిజమే. ఇంటికెళ్ళాక చెక్ చేశాను కూడా (మేనల్లుడి మీద ఓడిపోవడం అంత తేలిక కాదు). కానీ పదేళ్ళుగా అంకెలతోనే బతుకుతున్నవాణ్ణి. ఎవరైనా “అన్నిటికన్నా ఫాస్ట్” అంటే నాకు మొదట తోచే ప్రశ్న ఒకటే: ఎక్కడ కొలిచారు?

సాత్విక్ సంగతే చూద్దాం. 2023 ఏప్రిల్ 14న, జపాన్‌లోని సైతామా ప్రాంతంలో, సోకా అనే ఊళ్ళో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నేజియంలో మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు. అంతకుముందు పదేళ్ళపాటు ఆ రికార్డు 493తో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హ్యోంగ్ పేరు మీద ఉండేది. ఫార్ములా వన్ రేసుల్లో కార్లు కూడా 400 అందుకోవు. అయితే ఈ 565 అన్నది షటిల్ రాకెట్‌ని వదిలిన ఆ తొలి క్షణానిది. షటిల్ బరువు ఐదు గ్రాములు, అటూ ఇటూగా. బాతు రెక్కల ఈకలు పదహారు, గుండ్రంగా, గంటలాగా గుచ్చి ఉంటాయి. బయల్దేరిన మరుక్షణం నుంచే ఆ ఈకలు గాలిని పట్టుకుని లాగడం మొదలుపెడతాయి. అవతలి ఆటగాడి దగ్గరికి చేరేసరికి ఆ వేగంలో మిగిలేది చిన్న వాటానే.

మరి మిగిలి ఉంటే? కోర్టు పొడవు 13.4 మీటర్లు. 565 కిలోమీటర్ల వేగం అలాగే నిలిచి ఉంటే షటిల్ ఈ చివర నుంచి ఆ చివరకి రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. కంటితో చూసి చెయ్యి కదపడానికే మనిషికి సెకనులో ఐదో వంతు కావాలి. అంటే ఏ స్మాష్‌నీ ఎవరూ తిరిగి కొట్టలేరు. ర్యాలీ అనే మాటే ఉండదు. బ్యాడ్మింటన్ ఒక ఆటగా బతికి ఉన్నదే ఆ ఈకలు వేగాన్ని తినేస్తాయి కాబట్టి. మనం సాత్విక్ చేతికి చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. ఈకల పేరు మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు.

డేగ కథ ఇంకో రకం. ఆ 389 ఫ్రైట్‌ఫుల్ అనే పెంపుడు పెరిగ్రిన్ డేగది. దాని యజమాని కెన్ ఫ్రాంక్లిన్ దాన్ని విమానం ఎక్కించి, ఆ ఎత్తు నుంచి దూకించి కొలిచాడు. అది రెక్కలు కొట్టి తెచ్చుకున్న వేగం కాదు, రెక్కలు ముడుచుకుని భూమికి తనని తాను వదిలేసి తెచ్చుకున్నది. నేరుగా ఎగిరితే ఆ డేగ వందకి అటూ ఇటూ. ఆ పోటీలో పావురం అంత సులువుగా దొరకదు. మన దగ్గరుండే షాహీన్ ఈ పెరిగ్రిన్ జాతిదే. చాచాకి ఏ అంకే తెలీదు గానీ అసలు విషయం తెలుసు: డేగ కనబడగానే ఆయన చూసేది అది తన పావురాల కన్నా పైన ఉందా, కింద ఉందా అన్నదొక్కటే. కింద ఉంటే బీడీ వెలిగిస్తాడు.

ఇక నా చీతా. ముందుగా ఒక చిన్న ఫిర్యాదు. తెలుగులో ఈ జంతువుకి న్యాయం జరగలేదు. తిరుమల మెట్లదారిలో తిరిగేదీ చిరుతే, 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి విమానంలో కూనోకి దిగిందీ మన వార్తల్లో చాలాచోట్ల చిరుతే. రెండూ వేరు. చీతాని పుస్తకాల్లో గంటకి నూటికి పైగా అని రాస్తారు. సిన్సినాటి జూలో సారా అనే చీతా 2012లో వంద మీటర్లు 5.95 సెకన్లలో పరిగెత్తింది. బోల్ట్ రికార్డు 9.58. అయితే 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం నాకు ఇంకా ఇష్టం. బోట్స్‌వానాలో ఐదు చీతాల మెడలకి పట్టీలు కట్టి, 367 పరుగులు కొలిచారు. అన్నిట్లోకీ ఎక్కువ 93. కానీ వేటల్లో చాలావరకు చీతాలు అంత వేగం జోలికే పోలేదు. ఒక్కో పరుగులో అందుకున్న గరిష్ఠ వేగం సగటున 54 దగ్గరే ఆగింది. వేట దొరికించింది పై వేగం కాదు. ఉన్నపళంగా ఊపందుకోవడం, ఉన్నపళంగా తగ్గడం, మలుపులో కాలు జారకపోవడం. అంటే దానికి వంద చేతనవును కానీ అవసరమైతేనే. వంద మీద వెళ్ళిందంటే ఆ ఆయాసం తనదే. ఆ పూట వేట తప్పితే ఖాళీ కడుపూ తనదే.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. మొఘల్‌పురా నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో, బహదూర్‌పురా జూలో, మొన్నమొన్నటిదాకా ఒక చీతా ఉండేది. సౌదీ యువరాజు కానుకగా పంపిన జంటలో మగది, పేరు అబ్దుల్లా. ఆడది 2020లోనే పోయింది. అబ్దుల్లా 2023 మార్చిలో, 15 ఏళ్ళ వయసులో, గుండెపోటుతో చనిపోయింది. చీతాకి అది మంచి వయసే, ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నేను చూసినప్పుడు అది నీడలో పడుకుని ఉంది. బోర్డు మీద “భూమ్మీద అత్యంత వేగవంతమైన” లాంటి మాటేదో చదువుకుని, కంచెకి అంటుకుని నిలబడిన జనం “ఉరకదేంది?” అని ఈలలు వేస్తున్నారు. దానికి ఉరకాల్సిన పని లేదు. బువ్వ టైముకి వస్తుంది. ఉరకమని అడుగుతున్నది మేము, టికెట్టు కొన్నవాళ్ళం.

అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత మాత్రం ఆ ఈలలు చాలాసార్లు గుర్తొచ్చాయి.

వేగం గొప్ప గుణమేనా అన్నది పాత ప్రశ్న, దానికి జవాబు నా దగ్గర లేదు. నన్ను పీడించేది ఇంకొంచెం ఇరుకైన ప్రశ్న. వేగం ఊరికే రాదు. డేగ ఎత్తుని ఖర్చుపెడుతుంది, చీతా ఊపిరిని, సాత్విక్ భుజాన్ని. వేగంగా వెళ్ళేదీ, దాని ఖర్చు భరించేదీ ఒకటే ప్రాణి అయినంతకాలం పేచీ లేదు. ఆ రెండూ విడిపోయినప్పుడు, అంటే వేగం ఒకరికి, ఖర్చు ఇంకొకరికి అయినప్పుడు, మనం కొట్టే చప్పట్లు ఏమవుతాయి?

సిరాజ్ గురించి చెప్పకుండా హైదరాబాద్‌వాడు వేగం మీద వ్యాసం రాయకూడదు. (పాతబస్తీ వాళ్ళు మావాడే అంటారు గానీ పెరిగింది ఫస్ట్ లాన్సర్‌లో.) ఆటో నడిపిన నాన్న కొడుకు. 2024 డిసెంబర్‌లో అడిలైడ్ టెస్టు మొదటి రోజున అతను వేసిన ఒక బంతికి టీవీ తెర మీద 181.6 అని పడింది. షోయబ్ అఖ్తర్ 2003 ప్రపంచకప్‌లో వేసిన 161.3 ఇరవై ఏళ్ళుగా కదలని రికార్డు. దాన్ని ఇరవై కిలోమీటర్ల తేడాతో కొట్టేశాడట! యంత్రం తప్పు చూపించిందని అందరికీ క్షణాల్లో తెలిసిపోయింది. అయినా ఆ సాయంత్రమంతా మా ఆఫీసు గ్రూపులో డీఎస్పీ గారికి ఓవర్‌స్పీడ్ చలానా వెయ్యాలని జోకులు. తప్పని తెలిసినా ఆ బొమ్మని పంచుకోవడంలో ఒక సంబరం ఉంది. అంకె అలాంటిది. పెద్దదైతే చాలు, నిజం కాకపోయినా కాసేపు వెలుగుతుంది.

నాకు గుర్తుండిపోయింది ఇంకో బంతి. 2025 ఆగస్టు 4, ఓవల్. ఐదో టెస్టు, ఐదో రోజు. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి సిరాజ్ అప్పటికి 1112 బంతులు వేశాడు. ఇంగ్లండ్‌కి ఇంకో ఏడు పరుగులు చాలు, మనకి ఒక్క వికెట్. 1113వ బంతి యార్కర్. అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగిరింది. 6 పరుగుల తేడాతో గెలిచాం. ఆ బంతి వేగం 140 పైనే. ఏ రికార్డు పుస్తకంలోనూ ఎక్కే వేగం కాదు. కానీ నెలన్నరపాటు 1112 సార్లు ఉరికి, ఎడమకాలు నేలకేసి కొట్టి, ఆ తర్వాత కూడా ఒంట్లో ఇంకా 140 మిగిలుండటం! చాచా అన్న ఠైర్నా అంటే ఇదేనేమో. ఖర్చు ఎవరిదో కూడా అక్కడ స్పష్టం. మోకాలు అతనిది, నడుము అతనిది, చప్పట్లూ అతనివే.

ఇప్పుడు నా సంగతి. ఇంతకుముందు చేసిన ఉద్యోగంలో (కంపెనీ పేరు అనవసరం) రెండేళ్ళు నేను చేసిన పని ఇది: మీరు ఆర్డర్ పెట్టగానే తెర మీద “ఇన్ని నిమిషాల్లో” అని కనిపిస్తుంది చూడండి, ఆ అంకె తయారుచేయడం. కిచెన్‌కి ఎంత, రోడ్డుకి ఎంత, లిఫ్టుకి ఎంత అని కూడుతుంది మా ప్రోగ్రాం. అంకె చిన్నదైతే ఎక్కువమంది ఆర్డర్ పెడతారు. అది కూడా కొలిచే చూశాం. ఒక మూడు నెలల్లో ఆ అంకెని నాలుగు నిమిషాలు తగ్గించగలిగాం. సగం మెరుగైన లెక్క వల్ల. మిగతా సగం, నిజం చెప్పాలంటే, సగటు దగ్గర గీత గీసి, సగటుకి అవతల పడ్డవాళ్ళని చూడకపోవడం వల్ల. సగటుతో వచ్చే సుఖమే అది. మాదాపూర్‌లో వెడల్పాటి రోడ్డు మీద మిగిలిన నిమిషం, మొఘల్‌పురా గల్లీలో తక్కువపడ్డ నిమిషం, రెండూ కలిసి సున్నా అయిపోతాయి. తెర మీద సున్నా అవుతాయి. గల్లీలో కావు.

ఒక రంజాన్ నెలలో అక్క వాళ్ళింట్లో ఉన్నాను. తరావీ అయ్యాక ఆ వీధులు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పలేను. ఆ జనంలో నేనే ఏదో ఆర్డర్ పెట్టాను. మా యాప్‌లోనే. వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. రెండు నిమిషాలు లేటు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది, దానిమీద కర్చీఫ్. ఏమైందంటే “ఏం లేదన్నా, మూలమీద స్లిప్ అయ్యింది,” అన్నాడు. వెళ్ళబోతూ, “అన్నా, లేటయ్యిందని తక్కువ ఇయ్యకు, ఫైవ్ స్టార్ ఇయ్యి,” అన్నాడు. ఆ “లేటు” అన్నది దేనితో పోలిస్తే లేటో నాకు తెలుసు. ఆ అంకె నా చేతుల్లోంచి వెళ్ళిందే. ఆ కుర్రాడికి మాత్రం అది గడియారం చెప్పిన మాట.

ఐదు ఇచ్చాను. నూట యాభై టిప్ ఇచ్చాను. సోమవారం మీటింగులో పాతబస్తీ గల్లీలకి లెక్క సరిచేయాలన్నాను. “ఎడ్జ్ కేస్” అని రాసుకున్నారు. ఆ మాట అర్థం, చాలా అరుదుగా జరిగేది, తర్వాత చూడొచ్చు అని. లక్షలమంది ఉండే ఊరు అంచు ఎలా అయ్యిందని నేను అడగలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. ఆత్మసాక్షి కోసం అని రాసుకుంటే బాగుండేది. జీతం కోసం మానేశాను.

దీనికి స్నేహితులు చెప్పే జవాబులు నాకు తెలుసు. ఆ కుర్రాడు ఇష్టపడే చేస్తున్నాడు, ఇన్సెంటివ్ కోసం తనే జోరుగా తోలుతున్నాడు, బండి మీద వేగం అతనికీ సరదానే. చివరిదాంట్లో కొంత నిజం ఉంది, కాదనను. ఇరవై ఏళ్ళప్పుడు నేనూ నాంపల్లి నుంచి మొఘల్‌పురాకి పన్నెండు నిమిషాల్లో వచ్చానని గొప్పలు చెప్పుకున్నవాణ్ణే. కానీ ఇష్టం అనే మాటని సాత్విక్‌తో పోల్చి చూడండి. అతను గాల్లోకి లేచి చెయ్యెత్తాక కూడా స్మాష్ కొట్టకుండా నెట్ పక్కన మెల్లగా డ్రాప్ వేయొచ్చు. స్మాష్‌కి విలువ వచ్చిందే డ్రాప్ వేసే వీలు ఉండటం వల్ల. బోట్స్‌వానా చీతాలు చాలావరకు 54 దగ్గరే ఆగాయి, ఆగే వీలుంది కాబట్టి. ఆ కుర్రాడి ఆటలో డ్రాప్ లేదు. లాగౌట్ ఉంది.

అలాగని నెమ్మదిని పూజించే వ్యాసాలంటే నాకు పడదు. అవి రాసేవాళ్ళకి సాధారణంగా అన్నీ టైముకి అందుతుంటాయి. వేగం కోసం ప్రాణం కొట్టుకునే చోట్లు ఉంటాయి. మొఘల్‌పురాలోనే ఒక ఫైర్ స్టేషన్ ఉంది. 2025 మే 18, ఆదివారం పొద్దున్నే గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో మంటలు లేచినప్పుడు బండి ఇక్కణ్ణుంచీ వెళ్ళింది. దూరం చాలా తక్కువ. ఆ గంటలో రోడ్డు ఖాళీ. అయినా 17 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలు, వేసవి సెలవుల రోజులు. కింద దుకాణాలు, పైన ఇల్లు, లోపలికీ బయటికీ కలిపి ఒకటే ఇరుకు దారి, ఒకటే మెట్లు. ఎక్కువమందిని తీసుకెళ్ళింది మంట కాదు, పొగ. పొగకి మెట్లంటే దారి. మనిషి దిగేదానికన్నా ముందే అది ఎక్కుతుంది.

తర్వాత కొన్నాళ్ళు టీవీల్లో, ఇరానీ హోటళ్ళలో చర్చంతా నిమిషాల మీదే. బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం. అడగాల్సిన ప్రశ్నే. కానీ నాకు ఆ మెట్ల వెడల్పే మనసులో తిరిగేది. ఇంకో మెట్లవరస కట్టడానికి ఆ ఇంటికి దశాబ్దాల టైముంది. వైరింగ్ మార్చడానికి, తనిఖీకి, ఇంకో తలుపుకి. అవేవీ సెకన్లలో చేసే పనులు కావు, ఎవరూ చప్పట్లు కొట్టే పనులూ కావు. అవి లేనప్పుడు ఆ భారమంతా వెళ్ళి సైరన్ వేసుకుని ఉరికే ఆరుగురి మీద పడుతుంది: మీరు ఇంకా ఎందుకు ఫాస్ట్‌గా రాలేదు? నా పాత ఆఫీసులో ఆ కుర్రాణ్ణి అడిగినట్టే. షటిల్‌కి ఈకలున్నట్టు ఊరికి కూడా ఎవరో ముందే, తీరిగ్గా, గుచ్చి పెట్టాల్సినవి కొన్ని ఉంటాయి. మా అక్క వాళ్ళింటికీ ఒకటే మెట్లు. నేను ఈ మాట ఆలోచించింది ఆ మే తర్వాతే. బావతో మాట్లాడాను. చూద్దాంలే అన్నాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు కూడా ఆ మెట్ల కిందే రెండు సిలిండర్లు, ఒక స్కూటీ.

ఆ సాయంత్రం మిద్దె మీద చీకటి పడుతుండగా పిల్లవాడు పతంగులు వదిలేసి చాచా గోడ దగ్గరికి చేరాడు. గుంపు ఇంకా పైనే తిరుగుతోంది, చిన్న చుక్కల్లాగా. ఒకటి రెండు కిందికి వాలబోతే చాచా పొడుగాటి వెదురుకర్ర ఊపుతున్నాడు. దాని చివర నల్లగుడ్డ. దాన్ని చూసి అవి మళ్ళీ పైకి లేస్తున్నాయి. వాడు కాసేపు చూసి అడిగాడు, “చాచా, వాటికి దిగాలని ఉంటే?”

చాచా వాడివైపు చూశాడు. తర్వాత ఆకాశంవైపు. ఆ పూట మగ్రిబ్ అజాన్‌కి ఇంకా పది నిమిషాలుంది, నేను ఫోన్లో చూశాను. ఆయన కర్రని గోడకి ఆనించి, గింజల డబ్బా తీసి గలగలలాడించాడు. ఒక్కొక్కటే వాలడం మొదలైంది. పిల్లవాడు గట్టిగా లెక్కపెడుతున్నాడు. పంతొమ్మిది దగ్గర ఆగి, “చాచా, ఒకటి తక్కువుంది,” అన్నాడు.